సెప్టెంబరులో బేస్‌బాల్ ప్లేఆఫ్ పోటీని ఎలా అనుసరించాలి?

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు వసంతంలో మొదలుపెట్టి సెప్టెంబరు చివరిదాకా 162 ఆటలు ఆడుతుంది. అవన్నీ చూడటం ఎవరి వల్లా కాదు, చూడనక్కరా లేదు. పాయింట్ల పట్టికను చదవడం తెలిస్తే, అసలు ఉత్కంఠ అంతా చివరి మూడు వారాల్లోనే దొరుకుతుంది.

ముందుగా, ఎన్ని చోట్లకు పోటీ జరుగుతోందో తెలుసుకోండి. అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ ఒక్కోదానిలో 15 జట్లు, మూడేసి డివిజన్లు ఉంటాయి. 2022 నుంచి ఒక్కో లీగ్‌లో మూడు డివిజన్ల విజేతలు, మిగిలిన జట్లలో మెరుగైన మూడు ‘వైల్డ్ కార్డ్’ జట్లు ప్లేఆఫ్స్‌కు వెళుతున్నాయి. విజేతల్లో మొదటి రెండు జట్లు తొలి రౌండు ఆడనక్కరలేదు. అందుకే డివిజన్ గెలుపు ఖాయమైన జట్లు కూడా ఆ మొదటి రెండు స్థానాల కోసం చివరిదాకా పట్టు విడవవు.

తర్వాత మ్యాజిక్ నంబర్ లెక్క నేర్చుకోండి. 163 నుంచి మొదటి జట్టు గెలుపులనూ, రెండో జట్టు ఓటములనూ తీసేస్తే అది వస్తుంది. మొదటి జట్టు 90 గెలిచి, రెండోది 68 ఓడి ఉంటే మిగిలేది 5. మొదటి జట్టు గెలుపులూ రెండో జట్టు ఓటములూ కలిపి ఇంకో ఐదు నమోదైతే డివిజన్ తేలిపోయినట్టే. గెలుపుల కంటే ఓటముల గడినే ముందు చూడటం మంచిది. ఆడాల్సిన ఆటలు మిగిలి ఉంటే గెలుపులు పెంచుకోవచ్చు గానీ, ఓడిన ఆట ఎప్పటికీ ఓటమిగానే ఉంటుంది.

చాలామంది పట్టించుకోనిది సమానమైన ఫలితాల సంగతి. ఐపీఎల్‌లో పాయింట్లు సమమైతే నెట్ రన్ రేట్ చూస్తారు. ఇక్కడ పరుగుల తేడాకు విలువ లేదు, ముందుగా ఆ జట్లు పరస్పరం ఆడిన ఆటల ఫలితమే చూస్తారు. ఒకప్పటి అదనపు 163వ ఆటను 2022లో రద్దు చేశారు. 2024లో హెలీన్ తుపాను వల్ల వాయిదాపడిన రెండు ఆటలను అట్లాంటా బ్రేవ్స్, న్యూయార్క్ మెట్స్ సెప్టెంబరు 30న ఒకే రోజు ఆడాయి. మొదటి ఆట చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు వెనకబడి ఉన్న మెట్స్‌ను ఫ్రాన్సిస్కో లిండోర్ రెండు పరుగుల హోమ్ రన్ (క్రికెట్ సిక్సర్‌లా బంతిని కంచె దాటించే దెబ్బ) 8–7తో గట్టెక్కించింది; రెండో ఆటను బ్రేవ్స్ 3–0తో గెలిచారు. అలా రెండు జట్లూ లోపలికి వెళ్ళగా, వాటితో సమానంగా 89 గెలిచిన అరిజోనా డైమండ్‌బ్యాక్స్ బయట మిగిలిపోయింది. 2025లో మెట్స్ వంతు వచ్చింది: సిన్సినాటి రెడ్స్‌తో సమానంగా 83 గెలిచినా, ముఖాముఖి లెక్కలో వెనకబడి ఇంటిదారి పట్టింది. కాబట్టి మీ జట్టు తన ప్రత్యర్థితో ముఖాముఖి ఎన్ని గెలిచిందో ఆగస్టులోనే రాసి పెట్టుకోండి.

తేడా పెద్దదని చూడటం మానేయవద్దు. 2025లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ ఒక దశలో 15.5 ఆటలు (గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి అందులో సగం) వెనకబడి ఉండి కూడా డెట్రాయిట్ టైగర్స్‌ను దాటి డివిజన్ గెలిచింది. ఇక చివరి ఆదివారం ఆటలన్నీ దాదాపు ఒకే సమయానికి మొదలవుతాయి. మన గడియారంలో అది అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర ప్రాంతం. నిద్ర మానుకోదగిన రాత్రి ఏడాదికి అదొక్కటే.

అవార్డుల లెక్క మాత్రం వేరుగా ఉంచుకోవాలి. ఒక్కో లీగ్ ఎంవీపీని, అంటే అత్యంత విలువైన ఆటగాణ్ణి, 30 మంది క్రీడా రచయితలు ఎన్నుకుంటారు. ఒక్కొక్కరు పది పేర్లు వరుసగా రాస్తే, మొదటి పేరుకు 14 పాయింట్లు, రెండోదానికి 9, అక్కడి నుంచి ఒక్కొక్కటి తగ్గుతూ వస్తాయి. జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్ళాలన్న నిబంధన లేదు: తన అప్పటి జట్టు ఏంజెల్స్ రెండుసార్లూ బయటే ఉన్నా, 2021లోనూ 2023లోనూ అమెరికన్ లీగ్‌లో షోహెయ్ ఒహ్తానీయే ఎంవీపీ. బంతి విసిరే పిచర్లకిచ్చే సై యంగ్ అవార్డుకూ పిచర్ ఖాతాలో పడే గెలుపుల సంఖ్య కొలమానం కాదు. 2018లో జేకబ్ డిగ్రామ్ పది గెలుపులతోనే దాన్ని అందుకున్నాడు.

2025 అమెరికన్ లీగ్ ఎంవీపీ ఎన్నికలో మొదటి స్థానం ఓట్లు ఆరన్ జడ్జ్‌కు 17, కాల్ రాలీకి 13 పడ్డాయి. జడ్జ్ బ్యాటింగ్ సగటు .331 (లెక్కలోకి వచ్చే వెయ్యి బ్యాటింగ్ అవకాశాలకు 331 హిట్లు), అది కాదనలేనిది. అయినా రోజూ క్యాచర్‌గా (క్రికెట్ వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక బంతి అందుకుంటూ) మోకాళ్ళ మీద కూర్చుని లేస్తూ 60 హోమ్ రన్లు కొట్టిన రాలీకే నా ఓటు. మీ జాబితా కూడా ప్లేఆఫ్స్ తొలి ఆటకు ముందే రాసేయండి. రచయితలు ఓటు వేసేది అప్పుడే, ఫలితాలు నవంబరులో ప్రకటించినా సరే. అక్టోబరులో కొట్టిన హోమ్ రన్ ఏదీ ఆ లెక్కలోకి రాదు.