ఒంగోలులో ఇంటికి కొత్త కుళాయి: దరఖాస్తు నుంచి నీళ్లు వచ్చేదాకా

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు కరెంటు మీటరు కోసం పడే తొందర కుళాయి కోసం పడరు. బోరు ఉందిలే, తాగడానికి క్యాన్ తెప్పించుకుందాంలే అనుకుంటారు. ఎండలు ముదిరి బోరు అడుగంటాక పరుగులు మొదలవుతాయి. అప్పటికి ఊరంతా అదే పనిమీద ఉంటుంది. అందుకే గృహప్రవేశం అయిన నెలలోనే దరఖాస్తు పెట్టేయండి.

ఒంగోలుకు ప్రధానంగా నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లే ఆధారం. కాలువ పారినప్పుడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు (వేసవికి నీళ్లు దాచుకునే చెరువులు) నింపుకుని, శుద్ధి చేసి, ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కించి వీధులకు వదులుతారు. కాలువ ఆగిన రోజుల్లో ఆ నిల్వే దిక్కు. రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా నీళ్లు రావడానికి కారణం ఇదే. కుళాయి పెట్టించుకునేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

దరఖాస్తు మీ వార్డు సచివాలయంలో ఇవ్వాలి. ఇంటి యజమాని పేరు మీదే కనెక్షన్ ఇస్తారు, అద్దెకున్నవాళ్లు యజమానితో పెట్టించాలి. ఆధార్, ఇంటి పన్ను తాజా రసీదు, ఇంటి దస్తావేజు నకలు, ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. రేషన్ కార్డు (బియ్యం కార్డు) ఉంటే దాని నకలు కూడా తీసుకెళ్లి, పేద కుటుంబాలకు రాయితీ ఏమైనా ఉందా అని మీరే అడగండి. అడగకపోతే మామూలు రేటు వేసేయవచ్చు.

చాలా దరఖాస్తులు చిక్కుకునేది ఇంటి పన్ను దగ్గరే. కుళాయి నంబరును ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరుతో ముడిపెడతారు. కొత్త ఇంటికి పన్ను వేయించకపోతే ముందు ఆ పని అవ్వాలి. పాత బకాయి ఉంటే కట్టేయాలి. మా బాబాయి ఇల్లు కొన్నాక పన్ను రికార్డులో పాత యజమాని పేరే ఉండిపోయింది. పేరు మార్పిడి అయ్యేదాకా కుళాయి దరఖాస్తు కదల్లేదు. దస్తావేజులో పేరు, పన్ను రసీదులో పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా అని ఇంట్లో కూర్చుని ముందే చూసుకుంటే తిరుగుడు తప్పుతుంది.

దరఖాస్తు ఇచ్చాక రసీదు నంబరు తప్పక తీసుకోండి. తర్వాత వార్డు ఎమెనిటీస్ సెక్రటరీ (సచివాలయంలో నీళ్లు, రోడ్ల లాంటి పనులు చూసే ఉద్యోగి) ఇంటికి వచ్చి మీ వీధిలో పైపులైను ఉందా, ఎంత దూరం తవ్వాలి అని చూస్తారు. దాన్నిబట్టి అంచనా వేసి కట్టాల్సిన మొత్తం చెబుతారు. అందులో కనెక్షన్ డొనేషన్ (కనెక్షన్ ఇచ్చినందుకు కట్టే రుసుము), రోడ్డు తవ్వినందుకు ఛార్జీ లాంటివి ఉంటాయి. సిమెంటు రోడ్డు తవ్వాల్సి వస్తే ఖర్చు పెరుగుతుంది. రోడ్డు వేయకముందే కనెక్షన్ తీసుకుంటే ఆ భారం తగ్గుతుంది, వీధికీ గోతులు తప్పుతాయి. డబ్బు ఎక్కడ కట్టినా రసీదు ఉండాలి. చేతికి ఇచ్చిన డబ్బుకు లెక్క ఉండదు.

తనిఖీకి వచ్చిన రోజు మీరు ఇంట్లో ఉండటం చాలా ముఖ్యం. పైపు ఎటునుంచి తెస్తారో ఆ రోజే తేలిపోతుంది. మన వీధుల్లో చాలా ఇళ్ల ముందు మురుగు కాలువ ఉంటుంది. పైపు ఆ కాలువలో మునిగి వెళితే ప్రమాదం. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి మురుగు లోపలికి రాదు. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు చిన్న పగులున్నా మురుగు లోపలికి వెళుతుంది. మళ్లీ వదిలిన నీళ్లలో ముందుగా వచ్చేది అదే. విరేచనాలు, కామెర్లు వచ్చేది ఇలాగే. కాలువ దాటే చోట పైపును మురుగు తగలనంత ఎత్తులో, గట్టి ఇనుప గొట్టంలోంచి దాటించమని అడగండి. మొహమాటపడొద్దు.

కుళాయికి నేరుగా మోటారు బిగించడం ఇంకో తప్పు. అది పక్కింటి నీళ్లు లాగేస్తుంది, దాంతోపాటు మురుగునూ లాగుతుంది. వీధి చివరి ఇళ్లకు బిందె కూడా నిండకపోవడానికి పెద్ద కారణం ఈ మోటార్లే. నీళ్లు సంపులోకి వాటంతట అవే పడాలి, అక్కడినుంచి మోటారుతో పైకి ఎక్కించుకోవచ్చు. సంపు ఎంత ఉండాలంటే, మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది పట్టణాలకు పెట్టుకున్న ప్రమాణం. నలుగురికి 540 లీటర్లు. మూడు రోజులకు 1,620. అంటే 2,000 లీటర్ల సంపు సరిపోతుంది. మూత బిగుతుగా ఉండాలి, లేకపోతే దోమలు చేరతాయి.

బోరు కూడా వేయించాలనుకుంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి వేరే తీసుకోవాలి. ఇంకుడు గుంత తీయిస్తే ఆ బోరుకే మేలు.

డబ్బు కట్టాక వర్క్ ఆర్డర్ వస్తుంది, మున్సిపల్ సిబ్బంది సమక్షంలోనే మెయిన్ లైనుకు కలపాలి. ఆలస్యమైతే రసీదు నంబరుతో సచివాలయంలో అడగండి, అక్కడ తేలకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి.

మొదటిరోజు వచ్చిన నీళ్లను కాసేపు మొక్కలకు వదిలేయండి. తర్వాత ఒక సీసాలో పట్టి సిబ్బందితో క్లోరిన్ పరీక్ష చేయించండి. చుక్కల మందు వేస్తే నీళ్లు లేత పసుపు రంగుకు తిరగాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. రంగు అసలే రాకపోతే ఆ నీళ్లు కాచి తాగండి, సచివాలయంలో చెప్పండి. కనెక్షన్ నంబరు ఇచ్చిన రోజే దానిమీద పేరు, ఇంటి నంబరు సరిగా పడ్డాయో చూసుకోండి, నీటి బిల్లు వచ్చేది వాటి మీదే.