గట్టు మీంచి క్రాపీ వేట – మూడో పాఠం: చోటు వెతకడం

గత పాఠంలో జారుడు బెండు (గాలం దారం మీద పైకీ కిందికీ జారే బెండు), దాన్ని ఆపే దారపు ముడి కట్టుకోవడం నేర్చుకున్నాం. ఇక గాలం ఎక్కడ వేయాలన్నది చూద్దాం. పడవ ఉన్నవాళ్ళు సోనార్ (నీటి కింద చేపను చూపించే పరికరం) పెట్టుకుని చేప ఉన్న చోటికే వెళ్తారు. మనకు ఆ వీలు లేదు. కాబట్టి క్రాపీ (అమెరికా చెరువుల్లో ఉండే ఒక మంచినీటి చేప) గట్టు దగ్గరికి ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో తెలుసుకుని మనమే అక్కడ ముందుగా ఉండాలి.

ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఉదాహరణలకు టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల ఉన్న లూయిస్‌విల్, లవాన్, రే రాబర్ట్స్ రిజర్వాయర్లనే తీసుకుంటాను.

గట్టు మీద నిలబడేవాడికి అన్నిటికన్నా మంచి కాలం మార్చి, ఏప్రిల్. నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంటే క్రాపీలు గుడ్లు పెట్టడానికి లోతులేని చోటికి వస్తాయి. మగచేప ఒళ్ళు నల్లబడి, గూడు కాస్తూ అక్కడే ఉండిపోతుంది. ఆ రోజుల్లో గట్టు నుంచి నాలుగు గజాల దూరంలో, మూడు నాలుగు అడుగుల నీటిలో చేప దొరుకుతుంది. అందరూ దూరంగా విసరాలని చూస్తారు, చేప మాత్రం కాళ్ళ దగ్గరే ఉంటుంది! ముందుగా వేడెక్కేది చెరువు ఉత్తరపు ఒడ్డున లోపలికి చొచ్చుకుపోయిన పాయ. దక్షిణం నుంచి ఎండ నేరుగా పడుతుంది, చల్లటి ఉత్తరపు గాలి తగలదు. వసంతంలో మొదట అక్కడికే వెళ్ళండి.

ఎండాకాలం, చలికాలం చేప లోతుకు పోతుంది. అప్పుడు లోతే గట్టు దగ్గరికి వచ్చే చోట్లు కావాలి: వంతెన పిల్లర్లు, డ్యామ్ ముఖానికి రాళ్ళు పేర్చిన వాలు, మెరీనాలో (పడవలు నిలిపే రేవులో) డబ్బు కట్టించుకుని గాలం వేయనిచ్చే చోట్లు, ఫిషింగ్ పియర్లు (గాలం వేయడానికి గట్టు నుంచి నీటి మీదికి కట్టిన వేదికలు). రాత్రి లైటు పడే పియర్ అయితే మరీ మంచిది. లైటుకు పురుగులు, వాటికి చిన్న చేపలు, వాటి వెనకే క్రాపీలు చేరతాయి.

ఏ కాలమైనా క్రాపీకి చాటు కావాలి. మునిగిన చెట్టు, కొమ్మల కుప్ప, పిల్లరు నీడ, ఏదైనా సరే. బోసి గట్టు ఎంత అందంగా ఉన్నా అక్కడ పొద్దు వృథా చేయకండి.

ఈ చాటు ఇంట్లో కూర్చునే వెతకొచ్చు. గూగుల్ ఎర్త్ ప్రో కంప్యూటర్‌లో ఉచితం. అందులో పాత సంవత్సరాల ఉపగ్రహ ఫొటోలు కూడా చూడొచ్చు. 2011 నుంచి కొన్నేళ్ళపాటు టెక్సస్‌ను పట్టిన కరువులో చాలా రిజర్వాయర్లు బాగా దిగిపోయాయి. అప్పటి ఫొటోల్లో ఇవాళ నీటి కింద ఉన్న మొద్దులు, పాత రోడ్లు, వాగు మలుపులు బయటపడి కనిపిస్తాయి. మునిగిన పాత వాగు మలుపు గట్టుకు దగ్గరగా వచ్చిన చోటల్లా గుర్తు పెట్టుకోండి, లోతు గట్టు దగ్గరికి వచ్చేది అక్కడే. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (పార్కులు, చేపల వేట చూసే రాష్ట్ర శాఖ) వాళ్ళు చేపల కోసం నీటిలో కొమ్మల గుత్తులు వేసి, ఆ చోట్లు వెబ్‌సైట్‌లో పెడతారు. వాటిలో గట్టుకు అందేవి ఏవో చూడండి.

చెరువు దగ్గరికి వెళ్ళాక ముందు లోతు కొలవాలి. ఎర తీసేసి, బెండును ముంచేంత బరువున్న సీసం గుండు కట్టి విసరండి. బెండు మునిగిపోయిందంటే గుండు ఇంకా నేలకు అందలేదు. దారపు ముడిని ఒక అడుగు పైకి జరిపి మళ్ళీ వేయండి. బెండు నీటి మీద నిలిచిందంటే గుండు నేలకు దిగినట్టే. ముడి నుంచి గుండు దాకా ఉన్న దారమే సుమారుగా అక్కడి లోతు. చేతులు బార చాచి కొలవండి, మీ బార దాదాపు మీ ఎత్తే. నిలబడ్డ చోటు నుంచే ఎడమ, నడుమ, కుడి వైపులకు, దగ్గరా దూరమూ వేసి చూడండి. ఒక చోట నాలుగు అడుగులుండి, దాని పక్కనే తొమ్మిదికి పడిపోతే ఆ అంచే మీకు కావలసిన చోటు.

గుండును నెమ్మదిగా లాగుతుంటే నేల కూడా చేతికి తెలుస్తుంది. రాయి టకటకమని తగులుతుంది. బురద బరువుగా, మెత్తగా లాగుతుంది. కొమ్మ పట్టుకుని, కర్రను వంచి, చటుక్కున వదిలేస్తుంది. ఆ కొమ్మ దగ్గరే ఎర వేయాలి, అదీ దానికి కాస్త పైన. క్రాపీ కళ్ళు పైకి చూసేలా ఉంటాయి కాబట్టి పైనున్న ఎర కోసం లేస్తుంది, కింద ఉన్నదాన్ని పెద్దగా పట్టించుకోదు. ఒక చోట ఇరవై నిమిషాల్లో బెండు కదలకపోతే లోతు మార్చండి. అప్పటికీ కదలకపోతే చోటు మార్చండి.

అనుమతుల గురించి ఒక మాట. టెక్సస్‌లో 17 ఏళ్ళు నిండినవాళ్ళకు లైసెన్సు కావాలి, కానీ స్టేట్ పార్కు లోపల గట్టు నుంచి పట్టేవాళ్ళకు అక్కర్లేదు. రే రాబర్ట్స్ స్టేట్ పార్కులో కొత్తగా నేర్చుకోమని నేను చెప్పేది అందుకే. ప్రవేశ రుసుము మాత్రం మామూలే. రాష్ట్రమంతటికీ ఉన్న సాధారణ నియమం ప్రకారం 10 అంగుళాలకు తక్కువైన క్రాపీని వదిలేయాలి, రోజుకు 25కు మించి తీసుకెళ్ళకూడదు. కొన్ని చెరువులకు వేరే నియమాలు ఉంటాయి కాబట్టి బోర్డు చదవండి. ఇళ్ళవాళ్ళ సొంత డాక్‌ల (పడవ కట్టేసుకునే వేదికల) మీదికి వెళ్ళకండి.

వచ్చే పాఠానికల్లా మీ చెరువులో మూడు చోట్లు ఎంచి, ఒక్కోదాని లోతు, నేల తీరు, ఏ పూట నీడ పడుతుందో పుస్తకంలో రాసి ఉంచండి. క్రాపీ నోరు కాగితంలా పల్చన, గట్టిగా గుంజితే చిరిగిపోతుంది. దాన్ని గట్టుకు ఎలా తేవాలో ఆ మూడు చోట్ల మీదే నేర్చుకుందాం.