ద్వంద్వ వియోగ ప్రయోగానికి ముందు జాగ్రత్తలు

ద్వంద్వ వియోగం అంటే రెండు పదార్థాలు తమ అయాన్లను (విద్యుదావేశమున్న కణాలను) ఒకదానితో ఒకటి మార్చుకునే చర్య. రెండు ద్రావణాలు కలపడమే కదా అని తొందరపడకండి. ముందు సమీకరణం రాసుకుని, ఏది అవక్షేపంగా (నీటిలో కరగని ఘనపదార్థంగా) పడుతుందో చూసుకోండి. సోడియం క్లోరైడ్, పొటాషియం నైట్రేట్ ద్రావణాలు కలిపితే ఎంతసేపు చూసినా మార్పుండదు. అయాన్లన్నీ నీటిలోనే ఉండిపోతాయి.

• సేఫ్టీ కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

• ప్రతి పరీక్ష నాళికకూ లేబుల్ అంటించండి. ఈ ద్రావణాల్లో చాలావాటికి రంగుండదు, తర్వాత గుర్తుపట్టలేరు.

• లెడ్ నైట్రేట్‌లో పొటాషియం అయొడైడ్ పోయగానే పడే పసుపు అవక్షేపం చూడముచ్చటగా ఉంటుంది. కానీ సీసం విషం. ఒక్కోటి 2 మి.లీ. చాలు. మిగిలింది సింకులో పారబోయకుండా వ్యర్థాల డబ్బాలోనే వేయండి. బేరియం క్లోరైడ్ కూడా విషమే.

• సిల్వర్ నైట్రేట్ విషయంలో మరీ జాగ్రత్త. చేతికి అంటినప్పుడు ఏమీ తెలియదు, కాసేపటికి నల్లమచ్చ తేలుతుంది, కొన్ని రోజులదాకా పోదు. దీనికి డిస్టిల్డ్ వాటరే వాడాలి, నాళికలు కూడా చివరగా దాంతోనే కడగాలి. కుళాయి నీటిలో క్లోరైడ్ ఉంటే ఏమీ కలపకముందే ద్రావణం తెల్లగా మసకబారుతుంది. ఇక ఆ ఫలితాన్ని నమ్మలేం.

• కార్బొనేట్‌లో ఆమ్లం పోసేటప్పుడు బిరడా పెట్టకండి, గ్యాస్ బయటికి పోవాలి. నాళిక మూతి ఎవరి ముఖంవైపూ ఉండకూడదు.