ఇంగ్లీష్ పాటకి కంప్యూటర్ గొంతు ఎంచుకోవడం ఎలగంటే

మాది పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా చర్చి కాయిర్ పిల్లలు క్రిస్మస్‌కి ఇంగ్లీష్‌లో సొంతంగా ఒక పాట రాసుకున్నారు, నేర్చుకోడానికి పాడి వినిపించేవాళ్లు లేక నేనే సింథ్ గొంతుతో (మనిషి గొంతు రికార్డ్ చేసి తయారుచేసింది, మాటలు, స్వరాలు ఇస్తే కంప్యూటర్‌లో పాడుతుంది) ట్రాక్ చేసిచ్చాను. గొంతు ఎంచుకునేటప్పుడు తెలిసినవన్నీ రాస్తున్నా, మీకు టైం కలిసొస్తుంది.

ముందు మన చెవి సంగతి. తెలుగు మాట దాదాపు అచ్చుతోనే ఆగుతుంది, అందుకే రోడ్ మన నోట్లో రోడ్డు, బస్ బస్సు అయిపోతాయి, ఒడియాలో కూడా చివర అచ్చు పలుకుతారు, జపనీస్ కూడా ఇంచుమించు అదే బాపతు. అంచేత జపనీస్ కోసమే రికార్డ్ చేసిన పాత గొంతుతో ఇంగ్లీష్ పాడిస్తే హల్లు వెనకాల చిన్న అచ్చు తగులుకుంటుంది, అది మనకి తప్పులాగే వినబడదు! నేను అలాంటి గొంతు పట్టుకుని నాలుగు రోజులు కూర్చుంటే మా చెల్లి విని "అన్నయ్యా, అది వరల్డ్ అంటోందా వరుల్డు అంటోందా" అంది. మొత్తం తీసేశాను.

కాబట్టి గొంతు తీపి సంగతి తర్వాత, ముందు అది ఏ భాషలో రికార్డ్ అయిందో చూడండి. వోకలాయిడ్ అనే పాట పాడించే సాఫ్ట్‌వేర్‌లో 2004లో వచ్చిన లియోన్, లోలా ఇంగ్లీష్ గొంతులే. ఒపెరా తరహాలో 2008లో ప్రిమా, అబ్బాయి గొంతుతో 2011లో ఆలివర్ వచ్చాయి. అందులోనే జపనీస్ గొంతులైన మెగురినె లూకాకి 2009లో, హట్సునే మికూకి 2013లో ఇంగ్లీష్ బ్యాంక్ (రికార్డ్ చేసిన శబ్దాల సెట్) ఇచ్చారు గానీ వాటిలో జపనీస్ యాస ఉంటుంది, ఆ యాసే కావాలనుకుంటే సరే, మాటలు తేటగా వినబడాలంటే చాలా ట్యూనింగ్ చెయ్యాలి, అంటే ఒక్కో నోట్‌ని చేత్తో సరిదిద్దాలి. సింథసైజర్ వి అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోని ఏఐ గొంతులు వేరే భాషలో కూడా పాడతాయి, అయినా నా మట్టుకు 2022లో వచ్చిన సొలారియాలాగ ఇంగ్లీష్‌లోనే రికార్డ్ అయినవే ముందు వింటాను. డబ్బులు పెట్టలేనివాళ్లకి ఓపెన్‌ఉటావ్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, దాంట్లో ఆర్పాసింగ్ అనే ఇంగ్లీష్ రికార్డింగ్ పద్ధతిలో చేసిన ఇంగ్లీష్ బ్యాంకులు వెతకండి.

డెమో పాట విని డబ్బు కట్టెయ్యకండి, డెమోని బాగా చేయి తిరిగినవాళ్లు గంటలకొద్దీ చెక్కుతారు. మీ పాటలోనే నాలుగు లైన్లు తీసుకోండి, నోరు తిరగని మాటలున్నవి, స్ట్రెంత్, గర్ల్, బ్రెత్ లాంటివి, ట్రయల్ వెర్షన్‌లో ఏ మార్పూ చెయ్యకుండా పాడించండి. ఫాస్ట్ పాటైతే హల్లులు మింగేస్తోందేమో వినండి. స్లో పాటైతే సాగదీసిన చోట వినాలి, నైట్, డే లాంటి మాటల్లో రెండు అచ్చులు కలిసుంటాయి కదా, మంచి గొంతు మొదటి అచ్చు మీదే నిలబడి చివర్లో రెండోదానికి జారుతుంది, మధ్యలోనే జారిపోతే పాట పాడినట్టుండదు. మీ పాటలో అన్నిటికన్నా పైనున్న స్వరం, కిందున్న స్వరం కూడా పాడించి చూడండి, కొన్ని గొంతులు పైకెళ్తే పలచబడిపోతాయి.

ఒక మాట తప్పుగా పలికినంత మాత్రాన గొంతు మార్చెయ్యక్కర్లేదు. చదువు అనే రీడ్, చదివాను అనే రెడ్, రెండిటికీ స్పెల్లింగ్ read ఒకటే, సాఫ్ట్‌వేర్ ఒకటి ఊహించుకుంటుంది, నోట్ మీద ఫోనీమ్ (ఏ శబ్దం పలకాలో చెప్పే గుర్తు) మారిస్తే సరిపోతుంది.

ఇంకోటి, లైసెన్స్ తప్పకుండా చదవండి. అమ్ముకోవద్దని రాసినవి ఉంటాయి, ఫ్రీ బ్యాంకుల్లో కొన్నిట్లో మతానికి, రాజకీయాలకి వాడొద్దని కూడా ఉంటుంది, చర్చి పాట, భజన చేసేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి, పాటంతా అయ్యాక తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆఖరికి రెండు మూడు గొంతులు మిగిలితే, లిరిక్ చూడనివాళ్లకి వాట్సాప్‌లో ఆ నాలుగు లైన్లు పంపి ఏం వినబడిందో రాసి పంపమనండి, ఒక్కో గొంతు ఒక్కొక్కరికి, లేకపోతే రెండోసారి వినేటప్పటికి మాటలు తెలిసిపోతాయి. తప్పు మాటలు లెక్కపెట్టండి, ఎందులో తక్కువొస్తే అది తీసుకోండి.