గళ్ల పజిల్ సొంతంగా – 3వ పాఠం: ఒకటో అడ్డంతో మొదలుపెట్టకండి

ముందు పోయిన పాఠం బాకీ తీర్చేద్దాం. నాలుగు మాటలిచ్చి ఏది ఎన్ని గళ్లలో పడుతుందో లెక్కపెట్టమన్నాను కదా. స్కర్వీ రెండు గళ్లు. గుణింతం, వత్తు, సున్నా ఏవీ విడిగా గడి అడగవు, తమ అక్షరాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. ఆర్కిమెడిస్ ఐదు: ఆ, ర్కి, మె, డి, స్. చివర పొల్లు ఉంటే మాత్రం దానికి సొంత గడి కావాలి. ఇక రోమ్ దగ్గర చాలామంది రెండు అని రాసి ఊరుకుంటారు, అది సగం జవాబే. రోమ్ అన్నా రోము అన్నా రెండు గళ్లే, కానీ రోం అని సున్నా పెట్టి రాసేవాళ్లూ ఉన్నారు, అప్పుడు ఒక్కటే గడి. నాలుగోది ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా (సిడ్నీ కాదు, ఈ తప్పు ఎన్ని తరాలైనా పోయేలా లేదు). పొల్లును విడిగా ఉంచితే నాలుగు గళ్లు, కాన్బెర్రా అని వత్తు కలిపేస్తే మూడు. బయటి భాషల పేర్లు తగిలినప్పుడు ఇలా రెండు లెక్కలూ పక్కన రాసుకోండి. పజిల్ కూర్చినాయన ఏది వాడాడో గళ్లే చెబుతాయి.

ఇవాళ్టి పాఠం ఒక్క అలవాటు మార్చుకోవడం గురించి. మనందరం 1 అడ్డంతో మొదలుపెడతాం, అది రాకపోతే 2, అదీ రాకపోతే 5, పది నిమిషాలయ్యాక మనకి జనరల్ నాలెడ్జ్ లేదని డిసైడైపోయి పక్కన పడేస్తాం. నిజానికి ఆధారం తెలిసిన విషయమా తెలియని విషయమా అన్నది అంత పెద్ద సంగతి కాదు. దానికి ఎన్ని జవాబులు పట్టే వీలుందో అది చూడాలి. ఒకే జవాబు పట్టేది ముందు, రెండు పట్టేది తర్వాత, పది పట్టేది చివరికి. నాకు ఇది అర్థం కావడానికి ఓ పక్షి కావాల్సి వచ్చింది.

1 అడ్డం, 'ఎగరలేదు గానీ పక్షులన్నిటిలోకీ పెద్దది', నాలుగు గళ్లు. ఇదేం ప్రశ్న అనుకుని నిప్పుకోడి అని రాసేశాను, అదీ పెన్నుతో. ని, ప్పు, కో, డి, సరిగ్గా నాలుగు. ఇక 1 నిలువు ఫుట్‌బాల్ తొలి ప్రపంచకప్ జరిగిన దేశం, మూడు గళ్లు, 'ని'తో మొదలవ్వాలి. నికరాగ్వా తప్ప ఏదీ తట్టలేదు. అది నాలుగు గళ్లు, పైగా ఫుట్‌బాల్‌కీ దానికీ ఏం సంబంధమో నాకైతే తెలీదు. అయినా వదల్లేదు, ఓ ఇరవై నిమిషాలు దాన్నే పట్టుకు వేలాడి, చివరికి పజిల్ కూర్చినవాడే తప్పు చేశాడని తీర్మానించేశాను. మర్నాడు జవాబు చూస్తే ఉష్ట్రపక్షి. ఉ, ష్ట్ర, ప, క్షి. అదీ నాలుగే! ఒకే పక్షి, రెండు పేర్లు, గళ్ల లెక్క కూడా ఒకటే. నాకు విషయం తెలుసు, జవాబు తెలుసు, అయినా తప్పు రాశాను, ఎందుకంటే రెండు జవాబులు పట్టే ఆధారాన్ని ఒంటి జవాబు ఆధారం అనుకున్నాను.

ఆ మూలనే కొంచెం సరిచేసి కింద ఇస్తున్నాను. ఓ కాగితం, పెన్సిలు తీసుకోండి (పెన్ను వద్దు, చెప్పాను కదా). పై వరసలో పక్కపక్కన నాలుగు గళ్లు గీయండి, అది 1 అడ్డం. మొదటి గడి నుంచి కిందికి మొత్తం మూడు గళ్లు, 1 నిలువు. మూడో గడి నుంచి కిందికి అలాగే మూడు, 2 నిలువు. ఆ 2 నిలువు ఆఖరి గడి నుంచి కుడివైపుకి రెండు గళ్లు, 3 అడ్డం. దాని రెండో గడి నుంచి కిందికి మూడు గళ్లు, 4 నిలువు. మిగతావి నల్ల గళ్లు.

1 అడ్డం: ఎగరలేదు గానీ పక్షులన్నిటిలోకీ పెద్దది (4)
3 అడ్డం: టింబక్టు ఉన్న దేశం (2)
1 నిలువు: ఫుట్‌బాల్ తొలి ప్రపంచకప్ నిర్వహించి, దాన్ని గెలుచుకున్న దేశం (3)
2 నిలువు: 1914లో తెరిచిన కాలువ (3)
4 నిలువు: లోహాలన్నిటిలో తేలికైనది (3)

ఇప్పుడు ఏదీ నింపకుండా ఒక్కోదాని పక్కన ఎన్ని జవాబులు పడతాయో అంకె వేయండి. 1 అడ్డానికి రెండు, అది ఇందాకే తేలింది. 2 నిలువుకి పైపైన చదివితే రెండు: సూయజ్ మూడు గళ్లే, పనామా కూడా మూడు గళ్లే. 1 నిలువు ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకి ఒకటి, తెలియనివాళ్లకి ప్రపంచంలో మూడు గళ్ల దేశాలన్నీ. 4 నిలువు చూడండి. తేలిక లోహాలు చాలా ఉన్నాయి గానీ 'అన్నిటిలో తేలికైనది' ఒకటే ఉండగలదు, అది లిథియం. నీటి సాంద్రతలో దాదాపు సగం ఉంటుంది, నీళ్ల మీద తేలుతుంది. లి, థి, యం, మూడు గళ్లు. గళ్లు కూడా సరిపోయాయి కాబట్టి ఇక్కడ మొదలుపెడదాం.

లిథియం పేరు గుర్తు రాకపోయినా చేతులెత్తేయక్కర్లేదు. సోడియం, పొటాషియం, అల్యూమినియం, మెగ్నీషియం, టైటానియం... లోహాల పేర్లు ఎక్కువగా 'యం'తో ముగుస్తాయి, కాబట్టి చివరి గడిలో పెన్సిలుతో సన్నగా యం వేసుకోవచ్చు. ఇనుము, రాగి, సీసం లాంటి పాత పేర్లు దీనికి లొంగవు, అందుకే సన్నగా అంటున్నాను.

లిథియం నింపగానే 3 అడ్డం రెండో గడి 'లి' అయిపోయింది. టింబక్టు ఎక్కడుందో తెలియదనుకోండి, పేరు ఆఫ్రికాలో విన్నట్టుంది, అంతవరకే తెలుసు అనుకోండి. రెండు గళ్ల ఆఫ్రికా దేశాలు గుర్తు చేసుకోండి: టోగో, ఘానా, గినీ, చాద్, మాలి. 'లి'తో ముగిసేది ఒక్కటే. మాలి. మీకు తెలియని విషయం తెలిసిపోయింది, ఎవర్నీ అడక్కుండా! నాకు పజిల్స్‌లో బాగా నచ్చేది ఇదే, గూగుల్ చేసి నింపేవాళ్లకి ఈ సరదా దక్కదు.

ఇక 'మా' వచ్చింది, అది 2 నిలువుకి ఆఖరి గడి. సూయజ్ కొట్టేయండి, పనామా నింపేయండి. ఏడాది చూసినా తేలేదే, సూయజ్ 1869లో తెరిచారు, పనామా 1914లో. కానీ సంవత్సరాలు గుర్తుండనివాళ్లకి కూడా గడి దారి చూపించింది. పనామాలో 'ప' ఎక్కిందిగా, అది 1 అడ్డంలో మూడో గడి. నిప్పుకోడిలో మూడోది 'కో', ఉష్ట్రపక్షిలో మూడోది 'ప'. తేలిపోయింది. ఇప్పుడు 'ఉ'తో మొదలయ్యే మూడు గళ్ల దేశం... ఉరుగ్వే. 1930లో ఆ తొలి ప్రపంచకప్ అక్కడే జరిగింది, ఫైనల్లో అర్జెంటీనాని 4-2తో ఓడించి వాళ్లే గెలిచారు. ఇరవై నిమిషాలు నన్ను తిప్పలు పెట్టిన దేశం రెండు సెకన్లలో వచ్చేసింది, పైనుంచి కిందికి కాకుండా కిందనుంచి పైకి వచ్చినందుకు.

తొలి పజిల్ కూర్చిన ఆర్థర్ విన్ ఈ విషయంలో మనసున్నవాడు. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వజ్రం ఆకారంలో గళ్లు గీసి అచ్చువేయించాడు, అందులో పైన ఫన్ అన్న మాట తనే నింపి ఇచ్చాడు. ఒక్క మాట చేతిలో ఉంటే చాలు, మిగతావి దాన్ని పట్టుకుని వస్తాయి. మనకిప్పుడు ఎవరూ నింపి ఇవ్వరు, ఆ మొదటి మాట ఏదో మనమే వెతుక్కోవాలి.

ఎలా వెతకాలి? ఆధారంలో జవాబుల్ని తగ్గించే మాటలు కొన్ని ఉంటాయి, కళ్లు ముందు వాటి మీద పడాలి. 'తొలి', 'ఏకైక', 'అన్నిటిలోకీ' లాంటివి, ఏదైనా సంవత్సరం, 'ఒకప్పటి', 'ఇప్పటి'. నైజీరియా రాజధాని అంటే అబుజా, ఒకప్పటి రాజధాని అంటే లేగోస్. రెండూ మూడు గళ్లే, ఒక్క మాట మింగేస్తే తప్పు రాస్తాం. కజకిస్తాన్ మరీ అన్యాయం: రాజధాని ఆల్మటీ నుంచి 1997లో ఆస్తానాకి మారింది, ఆస్తానా పేరు 2019లో నూర్‌సుల్తాన్ అయింది, 2022లో మళ్లీ ఆస్తానాయే అయింది. పాత పజిల్ పుస్తకం ఏదైనా చేస్తుంటే ముందు అది ఎప్పుడు అచ్చయిందో చూసుకోండి. ప్లూటోని 2006 దాకా గ్రహాల్లోనే లెక్కేశారు మరి.

అయితే 'అతి పెద్ద' అన్న మాట కనబడగానే ఒంటి జవాబు అని గంతేయకండి. దేనిలో పెద్ద? అతి పెద్ద ఎడారి అంటే చేయి సహారా అని రాసేస్తుంది. కానీ వర్షపాతాన్ని బట్టి ఎడారి అనుకుంటే మంచు ఖండం అంటార్కిటికా దానికన్నా పెద్దది. అతి పొడవైన నది నైలా అమెజానా అన్నది కొలిచేవాళ్ల మధ్య ఇంకా తెగని తగువు, మనకి ఆ తగువుతో పనిలేదు: రెండు గళ్లుంటే నైలు, నాలుగుంటే అమెజాన్.

ఇంకోటి, ఆధారం తోక చూడండి. తెలుగులో ప్రశ్న ఎలా ముగిస్తే జవాబూ సాధారణంగా అలాగే ముగుస్తుంది. 'శనిగ్రహం చుట్టూ ఉండేవి' అన్నారంటే జవాబు బహువచనం, ఆఖరి గడిలో 'లు' పడే అవకాశం ఎక్కువ (వలయాలు). 'వెలుగునిచ్చేవాడు' అంటే 'డు' రావచ్చు: రవి అని రెండు గళ్లలో తప్పించుకోకపోతే భానుడు, సూర్యుడు, భాస్కరుడు, దినకరుడు, అన్నీ 'డు'లే. మొదటి అక్షరం తెలియకపోయినా చివరిది తెలిస్తే అడ్డంగా పోయే మాటకి ఓ పట్టు దొరికినట్టే. అన్నట్టు ఈ పర్యాయపదాల ఆధారాలు, సూర్యుడు, నీరు, తామర లాంటివి, చూడ్డానికి తేలిగ్గా ఉంటాయి గానీ పది జవాబులు పట్టే బాపతు. వాటిని చివరికి ఉంచండి. నీరు రెండు గళ్లు, జలం రెండు, తోయం రెండు, ఏదని వేస్తారు?

ఓ నోటుపుస్తకం కూడా పెట్టుకోండి. దేశాలు ఒక పేజీ, నదులు ఒక పేజీ అని విషయాల వారీగా రాయకండి, నేను రెండేళ్లు అలాగే రాశాను, ఒక్కసారీ పనికిరాలేదు. గళ్ల లెక్క ప్రకారం రాయండి. రెండు గళ్ల పేజీలో పెరూ, టోగో, గోబీ, వోల్గా, యూరో, ఈము, ఓమ్, వాట్ అన్నీ కలిసి ఉంటాయి. పజిల్ కూర్చేవాళ్లకి మూలల్లో మిగిలిపోయే చిన్న చిన్న సందుల్లో ఇలాంటి పొట్టి మాటలే కావాలి, అందుకే అవి తిరిగి తిరిగి వస్తాయి, ఆధారం మాత్రమే మారుతుంది. కివి అన్న రెండు గళ్ల మాటని ఒకసారి పక్షిగా అడుగుతారు, ఒకసారి పండుగా, ఇంకోసారి న్యూజిలాండ్ దేశస్థుణ్ణి ముద్దుగా పిలిచే పేరుగా. మాట పక్కన ఈ మూడూ రాసుకోండి.

ఇంటిపని. మూడు జతలిస్తున్నాను, ప్రతి జతలో అడ్డానికీ నిలువుకీ మొదటి గడి ఒకటే. నింపే ముందు ఒక్కోదానికి ఎన్ని జవాబులు పడతాయో అంకె వేయడం మర్చిపోవద్దు.

మొదటి జత. అడ్డం: శాస్త్రవేత్త పేరు పెట్టిన ఉష్ణోగ్రత ప్రమాణం (3). నిలువు: నైరోబీ రాజధానిగా ఉన్న దేశం (2).

రెండో జత. అడ్డం: రెండు వేర్వేరు శాస్త్రాల్లో నోబెల్ అందుకున్న ఏకైక వ్యక్తి ఇంటిపేరు (2). నిలువు: హవానా ఎక్కడుందో అదే (2).

మూడో జత. అడ్డం: టిబెట్‌లో బౌద్ధ గురువు, ఆండీస్ కొండల్లో బరువు మోసే జంతువు (2). నిలువు: ఆగ్నేయాసియాలో సముద్రతీరం లేని ఏకైక దేశం (3).

మొదటి జతలో అడ్డం దగ్గర ఒకాయన పేరు చటుక్కున నోటికొస్తుంది, ఆయనకి నాలుగు గళ్లు కావాలి, వేలు మడిచి లెక్కపెట్టాకే రాయండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను, ఆ తర్వాత అక్షరాలు తడబడే ఆధారాలు మొదలుపెడదాం.