సైడ్ డ్రమ్ము గరగర ఇట్లా పోయింది

మా వాడు ఏడో తరగతి. కర్నూలులో స్కూలు బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయిస్తాడు. పంద్రాగస్టుకు వారం ముందు దాన్ని ఇంటికి మోసుకొచ్చినాడు. "నాయనా, రేకు డబ్బా మాదిరి మోగుతా ఉంది" అన్నాడు. నేను తెలివిగా ఒక్క బోల్టునే గట్టిగా తిప్పినా. పైపొర ఓ పక్క ముడతలు పడి ఇంకా చెడింది.

అన్నీ వదులుచేసి, ముందు వేళ్లతోనే బిగించినా. ఆపైన బోల్టులు తిప్పే తాళంచెవితో ఒకటి, దానికి సరిగ్గా ఎదురుది, అర చుట్టు చొప్పున. వరసగా బిగిస్తే పొర ఒకవైపుకే లాగుతుంది. ప్రతి బోల్టు దగ్గరా పుల్లతో తట్టి, ఒకే శ్రుతి పలికేదాకా సరిచేసినాం. వాడి చెవి నాకన్నా నయం.

అయినా గరగర పోలేదు. చూస్తే కిందిపొరకు ఆనుకోవాల్సిన స్ప్రింగు తీగలు వదులుగా ఉన్నాయి. పక్కనున్న మర కొంచెం తిప్పితే చాలు. ఎక్కువైతే గొంతు నొక్కినట్టు మోగుతుంది.

ఇప్పుడు పక్కింటాయనకు మధ్యాహ్నం నిద్ర లేదు.