వరంగల్ నుంచి అంతర్జాతీయ న్యాయ సంస్థలకు: స్థిరాస్తి న్యాయవాదికి దారులు

కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎల్‌ఎల్‌బీ ముగించి, స్థిరాస్తి న్యాయంలో అంతర్జాతీయ సంస్థలవైపు చూసే యువ న్యాయవాది మొదట ఒక పరిమితిని గుర్తించాలి. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2023లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రకటించిన నియమాల ప్రకారం విదేశీ న్యాయ సంస్థలు మన దేశంలో భారతీయ చట్టంపై ప్రాక్టీసు చేయరాదు. అందువల్ల ఇక్కడి భూమిపై విదేశీ పెట్టుబడిదారుకు సలహా ఇచ్చే పని భారతీయ సంస్థలదే. హైదరాబాద్‌లోని పెద్ద సంస్థల స్థిరాస్తి విభాగమే సహజమైన తొలి మెట్టు.

అక్కడ చేరడానికి ఆంగ్ల వాగ్ధాటి కంటె టైటిల్ (యాజమాన్య హక్కు) పరిశీలనే ఎక్కువగా ఉపకరిస్తుందని నా అభిప్రాయం. ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హక్కుకు ప్రభుత్వమే పూచీ పడుతుంది. మన దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజు మాత్రమే కనుక, హక్కు ఎవరిదో న్యాయవాదే తవ్వి తేల్చాలి. గీసుగొండ వైపు గోదాముకు స్థలం కొనదలచిన కంపెనీకి లీగల్ ఒపీనియన్ రాయాలంటే సేత్వార్ (తొలి సర్వే రికార్డు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డు), తరువాతి పహాణీలు, లింక్ డాక్యుమెంట్లు (పాత బదిలీల దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), 2020లో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణి, 2025లో దాని స్థానంలోకి వచ్చిన భూభారతి వరకు ఒక్కో రికార్డునూ మరొకదానితో సరిచూడాలి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అయితే దాని బదిలీని నిషేధించే 1977 చట్టం అడ్డు వస్తుంది. ములుగు ఏజెన్సీలో (గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతంలో) 1/70 నిబంధన, అంటే 1970 నాటి భూ బదిలీ నిబంధన, గిరిజనేతరుల మధ్య జరిగే బదిలీని సైతం చెల్లనీయదు. ముంబయిలో చదివిన సహచరుడు పుస్తకంలో చూసే ఈ చిక్కులను హనుమకొండ కోర్టు ఆవరణలో తిరిగే జూనియర్ రోజూ చూస్తూ ఉంటాడు. సీనియర్ అనుమతి తీసుకుని, కక్షిదారుల వివరాలు పూర్తిగా తొలగించి, అలాంటి ఒక ఫైలుపై లోపమేమిటి, దాని తీవ్రత ఎంత, కొనుగోలుకు ముందు ఏం సరిచేయాలి అన్న మూడు అంశాలను సూటిగా చెప్పే ఆంగ్ల నివేదిక తయారు చేసుకోవాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కట్ట కంటె అదే ఎక్కువ మాట్లాడుతుంది.

దీనికి తోడుగా రెరా (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ చట్టం), ఫెమా (విదేశీ మారకపు చట్టం), స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులపై 2014 నాటి సెబీ రీట్ నిబంధనలు, వాణిజ్య లీజుల ముసాయిదా తెలిసి ఉండాలి. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమిని కొనరాదన్న నియమం ఈ ప్రాంతంలో తరచుగా ఎదురవుతుంది.

విదేశీ సంస్థలోనే పనిచేయాలనుకునేవారికి ఇంగ్లండ్, వేల్స్‌లో సొలిసిటర్ అర్హత కోసం 2021లో మొదలైన ఎస్‌క్యూఈ పరీక్ష ఒక మార్గం. భూమి చట్టం, ఆస్తి బదిలీ ప్రక్రియ తొలి దశ సిలబస్‌లోనే ఉన్నాయి. సాధారణ అభ్యర్థులు రెండేళ్ల పని అనుభవం చూపాలి. ఇతర దేశంలో ఇప్పటికే న్యాయవాది అర్హత పొందినవారికి ఆ షరతు వర్తించదు. కనుక ఇక్కడ ప్రాక్టీసుకు బార్ కౌన్సిల్ నిర్వహించే అర్హత పరీక్ష ఏఐబీఈని వాయిదా వేసి నేరుగా లండన్ ఫీజులు కట్టడం తెలివైన పని కాదు. పైగా అర్హత వచ్చినంత మాత్రాన ఉద్యోగం, వీసా వాటంతట అవి రావు.

హైదరాబాద్‌లోని బహుళజాతి కంపెనీల న్యాయ సేవా కేంద్రాల్లో లీజు ఒప్పందాల సమీక్ష ఉద్యోగాలు కూడా ఉన్నాయి. జీతం క్రమంగా వస్తుంది, విదేశీ ఒప్పందాల భాష అలవడుతుంది. అయితే పూర్తికాల జీతపు ఉద్యోగంలో చేరిన న్యాయవాది ఆ విషయాన్ని బార్ కౌన్సిల్‌కు తెలిపి, ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు నిలిపివేయాలి. ప్రాక్టీసు వదులుకున్నందుకు తగిన అనుభవం దక్కుతుందో లేదో తేల్చుకోవడానికి, నియామక పత్రంపై సంతకం చేసే ముందే, అక్కడి పని ఒప్పందాల పరిశీలనకే పరిమితమా, లేక సంప్రదింపుల్లోనూ పాల్గొనవచ్చా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.